మాధవరం పేజీ అడుగున నేను

నన్ను తెలుగు వికీపీడియాలో మూస అంటారు. కర్నూలు జిల్లా మంత్రాలయం మండలంలోని ఊళ్ల పేర్లన్నీ ఒక పెట్టెలో పేర్చుకుని, ఆ ఊళ్ల పేజీలన్నిటి అడుగునా కనిపిస్తాను. మాధవరం పేజీ చివరిదాకా చదివినవాళ్లు నా మీద నొక్కి సూగూరుకో రాంపురానికో చిలకలడోనకో వెళ్తారు. ఆదోని, ఎమ్మిగనూరు అంటే ఎవరైనా వెతుక్కుంటారు. చిలకలడోనను ఎంతమంది వెతుకుతారు? అలాంటి ఊరికి దారి చూపడమంటే నాకు ఎంతో ఇష్టం.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాను మొదలుపెట్టారు. తర్వాత వికీపీడియన్లు ఊరూరికీ పేజీ తెరిచారు. ఊళ్ల జాబితాను ప్రతి పేజీలోనూ విడిగా రాస్తే, ఒకచోట దిద్దిన పేరు ఇంకోచోట తప్పుగానే ఉండిపోతుంది. అందుకే నన్ను ఒక్కచోటే రాశారు. పేజీల్లో ఉండేది జంట మీసాల బ్రాకెట్ల మధ్య నా పేరు మాత్రమే. పేజీని తయారుచేసేటప్పుడు సర్వరు ఆ పేరు చూసి నన్ను తెచ్చి అక్కడ పెడుతుంది.

నాలో మాధవరం లింకు చూడండి. మాధవరాలు చాలా ఉన్నాయి: తాడేపల్లిగూడెం దగ్గర సైనికులకు పేరుపడ్డ మిలిటరీ మాధవరం, కడప జిల్లా సిద్ధవటం మండలంలో ఒకటి, చెన్నైలో ఇంకొకటి. అందుకే పైకి మాధవరమనే కనిపించినా, లోపల 'మాధవరం (మంత్రాలయం)' అని రాసి ఉంటుంది. ఆ బ్రాకెట్టు జారిపోతే మండలంలోని అన్ని పేజీల నుంచీ పాఠకులు దారితప్పుతారు. మాధవరం పేజీలోనే ఉన్నప్పుడు మాత్రం ఆ పేరు లింకుగా ఉండదు, బొద్దక్షరాల్లో నిలుస్తుంది. మీరు ఉన్నది ఇక్కడేనని దాని అర్థం.

2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల జిల్లా విడిపోయినప్పుడు పని పడింది నాకు కాదు, కర్నూలు జిల్లా మండలాల పేర్లున్న ఇంకో మూసకు. శ్రీశైలం, ఆత్మకూరు, ఆళ్లగడ్డ పేర్లను అందులోంచి తీస్తే చాలు, కర్నూలులో మిగిలిన మండలాల పేజీలను ఒక్కొక్కటీ తెరవక్కర్లేదు. మార్పు అన్నిటికీ ఒక్క క్షణంలో చేరదు. సర్వరు పేజీలను వరసలో పెట్టి తాజాపరుస్తుంది.

ఒక్కచోట రాసి అన్నిచోట్లా చూపించడం ఎక్స్ఎమ్ఎల్‌లో పేజీలు రాసుకునే సైట్లకూ అవసరమే. ఎక్స్ఎమ్ఎల్‌ను వెబ్ పేజీలుగా మార్చేందుకు 1999లో వచ్చిన ఎక్స్ఎస్ఎల్‌టీతో హెడరు, ఫుటరు, మెనూ ఒక్క ఫైలులో పెట్టుకునే వీలు కలిగింది. ఒక ఫైలులోకి ఇంకో ఫైలును చేర్చే ఎక్స్ఇన్‌క్లూడ్ 2004లో ప్రమాణమైంది. మా పేజీలను వికీ భాషలో రాస్తారు గానీ, అందరికీ పంచే డంపు, అంటే పేజీలన్నిటి నకలు, ఎక్స్ఎమ్ఎల్ ఫైలే. అందులో మాధవరం పాఠం చివర ఉండేది నా పేరే. నేను విడిగా, పేజీ ఏ రకమో చెప్పే పేరుబరి (నేమ్‌స్పేస్) సంఖ్య 10తో ఉంటాను. వ్యాసాల సంఖ్య 0 కదా అని వాటినే ఏరుకుని సైటు కట్టుకునేవాళ్లకు మాధవరం దొరుకుతుంది, పక్క ఊళ్లకు దారి దొరకదు. దయచేసి 10ని కూడా తీసుకెళ్లండి.