యునేమోపాఖ్యానం: టీకా తాత్పర్య సహితం

ముందు కిటికి నడుగు, మూలనున్న యునేము
నడుగు పిదప, పేరు నమ్మఁ బోకు
డార్వినన్న పేర డాఁగు నాపిలు పండు
చేయు పనులఁ గనుము చేవ దెలియ.

అవతారిక: ఒకే మేక్‌ఫైల్ విండోస్, లైనక్స్, మ్యాక్ మూడింటా నడవాలని పట్టుబట్టిన శిష్యునికి గురువు చేస్తున్న ఉపదేశమిది.

ప్రతిపదార్థం: ముందు = కంపైలు మొదలుకాక మునుపే; కిటికిన్ = విండోసును; అడుగు = ‘ఓఎస్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చూడు; మూలన్ ఉన్న = ప్రతి యూనిక్స్ ఇంటా పడివుండే; యునేమున్ = యునేమ్ కమాండును; పిదప = విండోస్ కాదని తేలాకనే; డాఁగున్ = దాగును; చేవ = అసలు సత్తా.

తాత్పర్యం: విండోసా కాదా అన్నది మొదట తేల్చుకో. కాకుంటే యునేమును అడుగు. అది చెప్పిన పేరుతో తృప్తిపడక, కావలసిన పని జరుగుతుందో లేదో చేసి చూసుకో.

విశేషాలు:

1. ‘ముందు’ అనడంలో ఆంతర్యముంది. విండోస్ మామూలు కమాండ్ విండోలో యునేమ్ ఉండదు; అడిగితే ఎర్రరే సమాధానం. ‘ఓఎస్’ను అడిగితే మాత్రం 1993లో పుట్టిన ఎన్‌టీ గోత్రాన్ని నేటికీ తప్పక చెబుతుంది: ‘విండోస్_ఎన్‌టీ’. గిట్ బాష్‌లో యునేమ్ ఉన్నా, ‘మింగ్‌డబ్ల్యూ64_ఎన్‌టీ’కి వెర్షన్ నంబరు తగిలించి దీర్ఘసమాసం పలుకుతుంది.

2. ‘యునేము’కు బదులు ‘ఓఎస్‌టైపు’ అని కొందరి పాఠం. అది బాష్ వంటి కొన్ని షెల్‌ల ఇంటి సొత్తు. ఉబుంటు 2006లో ‘ఎస్‌హెచ్’ పీఠం మీద డాష్ షెల్‌ను కూర్చోబెట్టింది; మేక్ పిలిచేది ఆ పీఠాన్నే; అక్కడ ఆ వేరియబుల్ ఖాళీ. కనుక అపపాఠం.

3. మూడో పాదంలో మ్యాక్ అనకుండా పండు అనడం రూపకాతిశయోక్తి. మ్యాక్‌లో యునేమును అడిగితే ‘డార్విన్’ అంటుంది. సొలారిస్ కూడా ఇలాగే తన పేరు చెప్పక, ‘సన్‌ఓఎస్’ అని పాత ఇంటిపేరే చెబుతుంది.

4. నాలుగో పాదం పద్యానికి ప్రాణం. ఫైలును ఉన్నచోటే దిద్దమంటే మ్యాక్ సెడ్ బ్యాకప్ ఫైలుకు తోక పేరు పెట్టమంటుంది; గ్నూ సెడ్ అడగదు. అయితే మ్యాక్ యజమాని గ్నూ సెడ్‌ను తెచ్చిపెట్టుకుని ఉంటేనో? పేరు డార్వినే, ప్రవర్తన వేరు. పేరు చూసి రాసిన షరతు అక్కడ బోర్లాపడుతుంది. 1991లో మొదలైన ఆటోకాన్ఫ్ సంప్రదాయం అందుకే చిన్న ప్రోగ్రాము కంపైలు చేసి మరీ పరీక్షిస్తుంది.

5. ఛందస్సు ఆటవెలది. బేసి పాదాల గణాలు వేరు, సరి పాదాల గణాలు వేరు. అయినా పద్యం ఒక్కటే. మేక్‌ఫైలుకు ఇంతకన్నా తగిన ఛందస్సు లేదనుకున్నాడు కాబోలు కవి.