రైలెక్కి వెళ్లొచ్చిన కారు భక్తులు

తెలుగునాట కొత్త తీర్థయాత్ర ఒకటి మొదలైంది. కాశీ, రామేశ్వరం ముసలివాళ్లకి వదిలేసి, కాస్త కూడబెట్టుకున్నవాళ్లు స్టుట్‌గార్ట్, మ్యూనిక్, మోదెనా బయల్దేరుతున్నారు. అక్కడి కారు మ్యూజియాలే వాళ్లకి గుళ్లు. పిల్లలు జర్మనీలో చదువుతుంటే యాత్ర మరీ సులువు. తిరిగొచ్చాక హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఏ టిఫిన్ సెంటర్లోనో మనల్ని పట్టుకుని, ఇడ్లీ చల్లారేదాకా ఫోన్లో ఫొటోలు చూపించి, చివర్న నిట్టూరుస్తారు: "అక్కడ కారంటే గౌరవమండీ. మనవాళ్లకి ఆ సంస్కారం ఎప్పుడొస్తుందో!"

మ్యూజియాలతో నాకు పేచీ లేదు. స్టుట్‌గార్ట్‌లో 2006లో తెరిచిన మెర్సిడెస్ మ్యూజియం తొమ్మిది అంతస్తులది, 160 బళ్లు. లిఫ్టులో పైకెళ్లి దిగుతూ చూడాలి. పైన తలుపు తెరుచుకోగానే ఎదురయ్యేది కారు కాదు, తెల్ల గుర్రం బొమ్మ. కథ అక్కణ్ణుంచి మొదలుపెట్టిన మనిషికి హాస్యం తెలుసు. మన భక్తుడి ఫోన్లో మాత్రం ఆ గుర్రం ఉండదు. 1886 నాటి బెంజ్ మూడు చక్రాల బండి పక్కన తనున్న ఫొటో ఉంటుంది, బండి సగమే కనిపిస్తూ.

అన్నీ విన్నాక నేనొక్కటే అడుగుతాను: "అక్కడికి ఎలా వెళ్లారు?" ఆ ప్రశ్న ఆయనకి నచ్చదు. లోకల్ రైల్లో. పోర్షె మ్యూజియానికైతే రైలు దిగి తలెత్తితే చాలు, ఎదురుగానే ఉంటుంది. ఆ స్టేషన్ పేరులోనే పోర్షె ఉంది. మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూకి మెట్రో. మోదెనాలో ఎంజో ఫెరారీ మ్యూజియానికి రైల్వే స్టేషన్ నుంచి నడక. ఫ్రాన్స్‌లోని ములూజ్‌లో ట్రామ్ స్టాపుకి కారు మ్యూజియం పేరే పెట్టారు. కారుని కన్న ఊళ్లు కారుని చూపించడానికి జనాన్ని రైళ్లలో, ట్రాముల్లో రప్పిస్తున్నాయన్నమాట. స్టుట్‌గార్ట్‌లో ట్రాఫిక్ జామ్‌లు లేవని కాదు, దండిగా ఉన్నాయి. కానీ కారు లేనివాడికి అక్కడో దారి ఉంది. మనవాడు ఆ దారినే వెళ్లాడు, దాన్ని తప్ప అన్నీ చూసొచ్చాడు.

ములూజ్ కథ కూడా ఆయన చెప్పడు. ష్లుంఫ్ సోదరులని ఇద్దరు బట్టల మిల్లుల యజమానులు వందల కార్లు గుట్టుగా పోగేశారు. అందులో వందకి పైగా బుగాటీలే. మిల్లులు మూతబడ్డాయి, సోదరులు స్విట్జర్లాండ్ చేరారు. 1977లో కార్మికులు తాళాలు బద్దలుకొట్టి లోపలికెళితే, తమ కష్టమంతా వరసగా పాలిష్ పెట్టుకుని మెరుస్తోంది. ఇప్పుడది మ్యూజియం. నన్నడిగితే, చూడాల్సిన వస్తువు ఆ తలుపు.

మనకీ గొప్ప కార్లున్నాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుప్పచ్చ రోల్స్ రాయిస్ ఉంది, వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా. ఆర్డరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా అది చేతికి రాకముందే 1911లో కన్నుమూశారు. ఆయన దుస్తులు చూసుకున్న నౌకరు ఆబిద్ ఓ దుకాణం తెరిచాడు. ప్రభువు సింహాసనం కారు కదలకుండా పాతబస్తీలో నిలబడితే, నౌకరు పేరున్న ఆబిడ్స్ సెంటర్లో మన కార్లన్నీ కదలకుండా నిలబడ్డాయి. టిక్కెట్టు లేదు, పెట్రోలు ఖర్చు మాత్రం మనది.

బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం కూడా ఉంది. బూటు, కెమెరా, క్రికెట్ బ్యాటు, బర్గర్ రూపాల్లో కార్లు, పైగా నడిచే కార్లు. దాని ఊసెత్తితే భక్తుడు పెదవి విరుస్తాడు. అక్కడికి వీసా అక్కర్లేదు కదా.

ఆదివారం ఆబిడ్స్‌లో షట్టర్లు దించేశాక ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. మనవాడు అప్పుడు కారద్దం దించి, "వీళ్లు అడ్డం" అంటాడు. మిగతా ఆరు రోజులూ అదే ఫుట్‌పాత్‌ని ఆనుకుని, కొన్నిచోట్ల ఎక్కి, నిలబడే కార్లు మాత్రం అడ్డం కావు. అది పార్కింగ్.

ఈ భక్తి ప్రభుత్వానికీ సోకింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. 2.8 కిలోమీటర్ల ట్రాక్, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. పొగలేని కార్లు పర్యావరణం కోసం పరుగెత్తుతుంటే, దారి మళ్లిన బళ్లు పక్క వీధుల్లో నిలబడి పొగ విడిచాయి. మరుసటి ఏడు రేసు రద్దు, ఆ తర్వాత లెక్కలు ఏసీబీ దాకా. ఆ రోజు మనవాడు గ్యాలరీలో ఉన్నాడు. ఇప్పుడడిగితే, "ప్రపంచ పటంలోకి ఎక్కాం కదా" అంటాడు. ఎక్కినవాళ్లం ఎప్పుడు దిగామో చెప్పడు.

నాంపల్లి మెట్రో స్టేషన్ పక్కన అర ఎకరంలో 15 అంతస్తుల యాంత్రిక పార్కింగ్ భవనం తలపెట్టారు. పది అంతస్తులు పార్కింగ్‌కే. సాంకేతికత జర్మనీదట. రైళ్లలో తిరిగే జర్మనీ నుంచి మనం ఏరి తెచ్చుకున్నది కార్లు నిలబెట్టే యంత్రం! అదే నాంపల్లిలో రైల్వే స్టేషన్ 1907లో కట్టారు. ఆ ఏడే ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్ తెరిచారు. 1939లో రేసులు ఆగిపోయాయి, చాలా ఏళ్లకి అది మ్యూజియమైంది. నాంపల్లి స్టేషన్లో ఇవాళ్టికీ రైలు కూత వినిపిస్తుంది.

జనవరి వస్తే నుమాయిష్ ఎగ్జిబిషన్. 1938లో మొదలైంది, మామూలుగా ఒకటో తేదీ నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి అంతా జనమే. ఆ నెలన్నరా అక్కడ ఆగకుండా పరుగెత్తే కారు కనిపించేది ఒక్క మృత్యుకూపం, మౌత్ కా కువాలోనే. చెక్క గోడ మీద అడ్డంగా, స్టీరింగ్ వదిలేసిన డ్రైవరుతో. మోటారు రేసు చూడాలన్నవాడికి మోదెనాలో దక్కేది ఇంతకన్నా ఏముంటుంది?

ఈ మాటే అంటే భక్తుడు ఉత్సాహపడ్డాడు. "పిల్లల్ని తీసుకెళ్తానండీ. కానీ అక్కడ పార్కింగ్ ఎక్కడ?"

"పార్కింగెందుకు? గాంధీభవన్ మెట్రోలో దిగితే గేటు నడిచేంత దూరం. మీరు జర్మనీలో చేసిందే కదా."

ఆయన కాసేపు ఆలోచించాడు. "మంచిదే. అయితే మా ఇంటి దగ్గర మెట్రో స్టేషన్లో కారు పెట్టుకోడానికి చోటుంటుందంటారా?"