‘అంతా ఒరిజినలే’ ముద్ర వేసే అధికారి గారికి బహిరంగ లేఖ

ఆన్‌లైన్ అంగట్లో పాత బేస్ గిటార్లకు ‘నూటికి నూరుపాళ్లూ ఒరిజినల్’ అని ముద్ర వేసే అధికారి గారి దివ్యసముఖమునకు,

విషయం: 1960ల నాటి ఫెండర్ బేస్‌లకు వయసు ధ్రువీకరించడంలో తమరు చూపుతున్న ఔదార్యం గురించి.

అయ్యా,

తమరి ఆఫీసు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. సంతకం ఎవరూ చూడలేదు. ముద్ర మాత్రం ప్రతి ప్రకటన మీదా ఉంటుంది. ఈమధ్య నేను బేరమాడిన ‘1963 జాజ్ బేస్’ మీదా ఉంది. దాని ధరతో మా ఊళ్లో కొత్త కారే వస్తుంది. ఆధారమేమిటయ్యా అంటే, నెక్ ప్లేటు మీది సీరియల్ నంబరు ఫొటో ఒక్కటి!

ఆ ప్లేటుకున్నవి నాలుగు స్క్రూలు. ఇక్కడ ఊడదీసి ఇంకో గిటారుకు బిగించడం ఎంతసేపు? పైగా కాలిఫోర్నియాలోని ఫెండర్ వారి ఫుల్లర్టన్ ఫ్యాక్టరీలోనే ప్లేట్లను వరసగా వాడలేదు, చేతికందింది బిగించారు. నంబరు ప్లేటు చూసి బండి ఇంజన్‌కు హామీ ఇచ్చినట్టుంది తమరి వ్యవహారం.

లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను తెచ్చిందే సులువుగా విప్పి బిగించుకునేలా. కాబట్టి వయసు ఒక్కో భాగాన్నీ విడిగా అడగాలి. నెక్ విప్పితే బాడీలో కూర్చునే కొస మీద తేదీ ఉంటుంది. 1962 ఆరంభం దాకా పెన్సిల్‌తో రాశారు, తర్వాత స్టాంపు కొట్టారు. అది నెక్ పుట్టినరోజే, గిటారుది కాదు. వాల్యూమ్ నాబ్ కింది పాట్ (పొటెన్షియోమీటర్) వెనక ‘304 6320’ అని ఉంటే 304 స్టాక్‌పోల్ కంపెనీ గుర్తు, 63 సంవత్సరం, 20 వారం. అంటే ఆ పాట్ 1963 మే కంటే ముందుది కాదు. దాన్ని ఎప్పుడు బిగించారో ఆ అంకెలు చెప్పవు. టంకం కొత్తగా మెరుస్తుంటే ఇంకా అనుమానించాలి.

ఇక రంగు. ఆ రోజుల్లో రంగు కొట్టేటప్పుడు బాడీ కింద అంటుకోకుండా చిన్న మేకులు దిగేసి, ఆరాక పీకేవారు. అలా పీకిన రంధ్రంలో ఉత్త కర్రే కనబడాలి. పిక్‌గార్డు తీసి ఫొటో పంపమని నేను పట్టుబడితే వచ్చింది: రంధ్రాల నిండా ఎర్ర రంగే! ప్రకటనలో ‘ఫ్యాక్టరీ ఫియెస్టా రెడ్’ అన్నది ఆ తర్వాతెప్పుడో ఎవరో కొట్టిందన్నమాట. మళ్లీ రంగు పడితే ధర ఇంచుమించు సగమవుతుందని బజారు లెక్క. తమరి ముద్ర ఖరీదు ఆ మిగతా సగం.

మరో సందేహం. పేరుమోసిన బేసిస్టు జాకో పాస్టోరియస్ వాయించిన 1962 జాజ్ బేస్ తమరి ముందుకొస్తే ఏమంటారు? ఫ్రెట్లు పీకేసి, గాళ్లు పూడ్చి, ఫ్రెట్‌బోర్డు మీద ఎపాక్సీ పూసిన బేస్ అది. తమరి కొలతకు చెడిపోయిన సరుకే. 1986లో న్యూయార్క్‌లో చోరీ అయిన ఆ బేస్‌కు వెల కట్టడం ఎవరి తరం? దాచుకునేవాడి విలువ వేరు, వాయించేవాడి విలువ వేరు. రెంటికీ ఒకే ముద్ర చాలదు.

కావున తమరికి మా మనవులు:

1. గంపగుత్త ముద్ర రద్దుచేసి నెక్, రంగు, పికప్‌లు, పాట్‌లు, ట్యూనర్లకు వేర్వేరు గడులు పెట్టించండి: ‘మార్చాం’, ‘మార్చలేదు’, ‘విప్పి చూడలేదు’. మూడో గడి నింపడం నామోషీ కాదు.

2. నెక్ విప్పిన ఫొటో లేనిదే ‘ఒరిజినల్’ ధర అడగనివ్వకండి.

3. బ్రెజిల్ రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డుంటే సైటిస్ (అంతరించే జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) కాగితాలున్నాయో లేదో ముందే చెప్పించండి. 1992 నుంచి ఆ కర్ర మీద గట్టి ఆంక్షలున్నాయి. హైదరాబాద్‌కు తెప్పించుకుంటే కస్టమ్స్ వాళ్లకు జవాబు చెప్పేది తమరు కాదు, మేము.

4. రంగు మార్చామని ముందే చెప్పి సగం ధరకు అమ్మేవాడికి సన్మానం చేయండి. వాయించుకునేవాడికి అంతకన్నా మంచి బేరం లేదు.

తగు చర్య తీసుకోగలరని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
ఫొటోలు పెద్దవి చేసి చూసి చూసి కళ్లజోడు నంబరు మార్చుకున్న ఒక బేసిస్టు

జతపరచినది: మేకు రంధ్రం ఫొటో 1 (జిరాక్సు. ఒరిజినల్ నా దగ్గరే ఉంది.)