మబ్బూ, ముంతా

2024 జూలై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ నెట్ మీదుగా పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌కు ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర కప్పుకుని పడుకున్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది పెన్ను పట్టి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ‘చివరికి కాగితమే దిక్కయిందిగా’ అని కాగితం పక్షంవాళ్లు మీసం మెలేశారు. ఆ చెయ్యి మీసం మీంచి దిగకముందే, ఆదివారం రాత్రి పదకొండు దాటాక, మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచాయి. భూముల కాగితాలతో సహా 2,400కు పైగా ఫైళ్లు కాలిపోయాయి.

మన గది, మన బీరువా, మన తాళం. కంప్యూటర్లవాళ్లు ‘ఆన్-ప్రెమిసెస్’ అని నోరు తిరగని పేరు పెట్టుకున్నది దీనికే. డేటా మన కళ్లెదుటే ఉంటుంది. కాలినా మన కళ్లెదుటే కాలుతుంది. మర్నాడే డీజీపీ హెలికాప్టర్‌లో వచ్చి దిగారు. మామూలు రోజుల్లో అమరావతికీ మదనపల్లెకూ మధ్య ఏ ఫైలూ అంత వేగంగా తిరిగి ఎరగదు. ప్రమాదమా, కుట్రా అన్న ప్రశ్న సీఐడీకి వెళ్లింది. కాలినవాటికి నకళ్లు ఏ తహసీల్దారు కార్యాలయంలో ఉన్నాయో, ఏ కలెక్టరేట్‌లో ఉన్నాయో వెతికే పని రెవెన్యూవాళ్ల మీద పడింది. బ్యాకప్ అనేది మంటలు ఆరాక కాకుండా ముందే తీసుకునేదని అప్పుడెవరైనా గుర్తుచేసి ఉంటే తిట్లు తినేవారు.

అదే ఊరి టమాట మార్కెట్లో ఒక మండీ యజమానిని ఊహించుకోండి. ముందు ఎర్ర గుడ్డ అట్ట చిట్టా పుస్తకం, ఎదురుగా ల్యాప్‌టాప్ తెరిచిన కుర్రాడు.

“సార్, మీ లెక్కలన్నీ క్లౌడ్‌లో పెట్టేద్దాం.”

“క్లౌడంటే యాడుండాది నాయినా?”

“ముంబైలో ఉంది సార్. హైదరాబాద్‌లోనూ ఉంది.”

“అంటే ఇంకొకరి గోడౌన్లో నా సరుకు దించేదన్నమాట. బాడుగెంత?”

“వాడుకున్నంతే సార్.”

“దించేదానికా, ఎత్తేదానికా?”

కుర్రాడు ల్యాప్‌టాప్ వైపు చూశాడు. పెద్ద క్లౌడ్ కంపెనీలు డేటాను లోపలికి తీసుకునేందుకు సాధారణంగా పైసా అడగవు. బయటికి తీసుకుపోయేటప్పుడు మాత్రం జీబీల లెక్కన మీటరు తిరుగుతుంది. దించేటప్పుడు మర్యాద, లెక్క తేల్చేటప్పుడు కోత. మండీవాడికి దీన్ని విడమరిచి చెప్పాలా!

అయినా కుర్రాడి పక్షాన ఒక న్యాయం ఉంది. 2023 జూలైలో ఇదే మార్కెట్లో కిలో టమాట 150 రూపాయలు దాటి బంగారమైంది. సెప్టెంబరుకల్లా మళ్లీ అడిగేవాడు లేకపోయాడు. ఇట్లాంటి వ్యాపారానికి సీజన్లో పది సర్వర్లు కావాలి, తర్వాత ఒక్కటే చాలు. సొంతానికి పది కొన్నవాడు తొమ్మిదింటికి దుమ్ము దులుపుతూ కూర్చోవాలి. క్లౌడ్ అంటే రోజుకూలి. పని లేని రోజు పిలవనక్కర్లేదు.

ఏడాది పొడుగునా ఒకే పని ఉన్నవాడి సంగతి వేరు. అది పుంగనూరులో అడగాలి. అక్కడి ఆవు మూడడుగుల ఎత్తు. ఇచ్చేది కొద్ది లీటర్లే, కానీ వెన్న ఎనిమిది శాతం దాకా పలుకుతుంది. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో మేత పెట్టి ఫోటో దిగాక ఆ పొట్టి ఆవు దేశమంతా తెలిసింది. ఆ ఫోటోలో పేడ కనిపించదు. సొంత సర్వరూ అంతే: మేత, వైద్యం, పేడ అన్నీ మనవే, పండక్కి అత్తారింటికి పోదామన్నా కుదరదు. అమెరికాలోని 37సిగ్నల్స్ కంపెనీ 2022లో క్లౌడ్ పాల ప్యాకెట్లకు 32 లక్షల డాలర్లు కట్టి, కళ్లు తిరిగి, సుమారు 7 లక్షల డాలర్లకు సొంత ఆవుల్ని కొనుక్కుంది. 2024కు బిల్లు 13 లక్షలకు దిగింది. నెట్‌ఫ్లిక్స్‌ది తలకిందుల కథ. 2008లో సొంత డేటాబేస్ చెడిపోయి మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయాక, కొట్టం అమ్ముకుని 2016 నాటికి పూర్తిగా క్లౌడ్‌కు మారింది.

కుప్పం రెండూ చూసింది. 2002లో హెచ్‌పీ కంపెనీ ‘ఐ-కమ్యూనిటీ’ పేరిట వచ్చి, పొదుపు సంఘాల ఆడవాళ్ల చేతికి డిజిటల్ కెమెరా, ప్రింటరు, వాటిని నడిపేందుకు సోలార్ పలక ఇచ్చింది. కరెంటు పోయినా పెళ్లి ఫోటో చేతికొచ్చేది. కంపెనీ పెట్టుకున్న గడువు మూడేళ్లు. ఆ తర్వాత దాని దారి దానిది. 2025 జూలైలో టాటావాళ్ల డిజిటల్ నర్వ్ సెంటర్ వచ్చింది. ఈసారి ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాలు తీగల మీదుగా పెద్దాసుపత్రితో మాట్లాడుతున్నాయి. అక్కడికే వచ్చిన హంద్రీ-నీవా కాలువ నీళ్లకు మాత్రం ఒక ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో గేటెత్తింది, ఇంకో ప్రభుత్వం 2025 ఆగస్టులో హారతిచ్చింది. ఆ ఊళ్లో ప్రారంభోత్సవానికైతే బ్యాకప్ ఉంది.

మేఘమథనం పేరుతో విమానాలు రసాయనాలు చల్లి పోతుంటే తలెత్తి చూసిన సీమ ఇది. ఇక్కడ మబ్బు అన్నవాణ్ని వెంటనే నమ్మరు, అందులో తప్పూ లేదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీకి నిప్పంటుకుంది. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే క్లౌడ్, 858 టెరాబైట్లు, బూడిదైంది. మరీ పెద్దది కాబట్టి బ్యాకప్ పెట్టలేదట! మదనపల్లెకు ఆ పాటి సాకు కూడా లేదు.

మండీలో బేరం ఇంకా తెగలేదు.

“రెండో కాపీ యాడ పెడతావు?”

“అదీ మా దాంట్లోనే సార్.”

యజమాని నవ్వి చిట్టా తిరగేశాడు. పేజీ కింద నీలం కార్బన్ కాగితం. శనివారం శనివారం ఆ నకలు బస్సెక్కి పుంగనూరులో వియ్యంకుడి ఇంటికి పోతుంది.

“మరి బానే ఉంది కదా సార్, ఇప్పుడు క్లౌడెందుకు?”

“రెండు నెల్లుగా వియ్యంకుడితో మాటల్లేవు నాయినా.”