పెన్సిల్ టిక్కు

పెద్ద బిడ్డ ఎండాకాలంలో ఇచ్చిపోయిన నవలను సారు బతుకమ్మ పండుగ నాటికి పూర్తి చేశారు. అడివి బాపిరాజు రాసిన ‘గోన గన్నారెడ్డి’. హనుమకొండలో హైస్కూలు పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. పెన్సిల్ లేకుండా పుస్తకం ముట్టరు. నిజమని తోచిన చోట పక్కన టిక్కు పెడతారు. కల్పన అనిపిస్తే ప్రశ్నార్థకం.

పండుగకు బిడ్డ వచ్చింది. అన్నాలయ్యాక అడిగింది.

“నవల ఎట్లుంది బాపూ?”

“సగం మంచిగుంది. సగం నచ్చలే.”

నచ్చని సగం ముందు చెప్పారు. చరిత్రలో గోన గన్నారెడ్డి కాకతీయుల సామంతుడు. ‘రంగనాథ రామాయణం’ రాసిన గోన బుద్ధారెడ్డి వంశం వాడు. ఆయన సేనాని విఠలనాథుడు 1294లో రాయచూరు కోట కట్టించాడు. ఆ సంగతి చెప్పే శాసనం ఇప్పటికీ అక్కడి గోడ రాయి మీద ఉంది.

“అసొంటి మనిషిని గజదొంగను చేసిండు. పెండ్లికొడుకును ఎత్తుకపోవుడు ఏంది? ప్రేమ రాంగనే చరిత్ర పక్కకు జరుగుతది. యుద్ధం మొదలైతదనుకుంటే మళ్ల వెన్నెలే!”

ఆ మాటలో తప్పులేదు. బాపిరాజు చిత్రకారుడు. కథ ఎక్కడ కాస్త ఆగినా అక్కడో బొమ్మ గీస్తారు. ఆ బొమ్మల కోసమే చదివేవాళ్లూ ఉన్నారు. సారు వాళ్లలో ఒకరు కారు. పుస్తకం నిండా ప్రశ్నార్థకాలే.

“మరి నచ్చిన సగం?”

సారు గొంతు మారింది.

“రుద్రమ.”

ఆ పేరు వినగానే టీవీ ముందున్న ఇద్దరు తమ్ముళ్లూ ఇటు తిరిగారు.

గణపతిదేవుడికి కొడుకులు లేరు. ఇద్దరు కూతుళ్లు, రుద్రమ, గణపాంబ. పెద్ద సామ్రాజ్యం. ఆడదాని ఏలుబడి ఏమిటని తిరగబడిన సామంతులున్నారు. అయినా ఆయన రుద్రమనే వారసురాలిగా నిలబెట్టాడు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. తండ్రి మొదలుపెట్టిన ఓరుగల్లు రాతికోటను ఆమే పూర్తి చేసింది. ఆమె న్యాయపాలనను మార్కోపోలో మెచ్చుకున్నాడు.

“ఏడువందల ఏండ్ల కింద, బిడ్డా! లోకం ఏమంటదో అని ఆ తండ్రి ఆగలే. బిడ్డ హక్కు బిడ్డకు ఇచ్చిండు. ఎంత గుండె గావాలె! గా ఒక్క ముచ్చట కోసం బాపిరాజు చేసిన తప్పులన్నీ మాఫ్ చేసిన.”

సారు కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నారు. బిడ్డ కళ్లూ చెమర్చాయి. చిన్నప్పుడు వేయిస్తంభాల గుడికి చేయి పట్టుకుని తీసుకుపోయి, రుద్రమ కథ మొదట చెప్పింది ఆయనే.

“ఆ పేజీ చూడు. నా జన్మల ఏ పుస్తకంల గూడ రెండు టిక్కులు పెట్టలే. ఆడ పెట్టిన.”

లోపలికి పోయి పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. పేజీ వెతకాల్సిన పని లేకపోయింది. మడిచిన కాగితమొకటి అక్కడ గుర్తుగా పెట్టి ఉంది. పేరా పక్కన నిజంగానే రెండు టిక్కులు, గట్టిగా ఒత్తి పెట్టినవి.

నవల మీద తన అభిప్రాయం రాసుకున్నారేమో అనుకుని ఆమె కాగితం మడత విప్పింది.

స్టాంపు కాగితం. తాతల నాటి ఇల్లు, దాని పక్క జాగా వివరాలున్నాయి. కొడుకులతో సమానంగా కూతురికీ వాటా ఉందని 2005లో చట్టం చెప్పిన ఆస్తి. అందులో తన వాటాను ఇద్దరు తమ్ముళ్లకు ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నట్టు ఆమె పేరుతో రాసిన రిలీజ్ డీడ్ అది.

తమ్ముళ్లిద్దరి సంతకాలూ అప్పటికే అయిపోయాయి. ఆమె సంతకం కోసం వదిలిన ఖాళీ పక్కన సారు పెన్సిల్‌తో టిక్కు పెట్టారు.