నింపాదికి టికెట్టు

ఫ్లెక్సీ మీరూ చూసే ఉంటారు. పార్కు గేటుకే కట్టారు, చూడకుండా లోపలికి పోలేం. ‘నింపాది నడక, చిన్న చిన్న ఆవిష్కరణలు’ అని పెద్దక్షరాలు, కింద క్యూఆర్ కోడు, ఆ కింద ‘సీట్లు పరిమితం’. నడకకు సీట్లేమిటని వాచ్‌మన్‌ని అడిగితే నా వైపు జాలిగా చూశాడు. టికెట్టు సినిమా టికెట్టు కంటే ఎక్కువ, ఏసీ ఉండదు. ఆదివారం పొద్దున్నే ఒక గైడు వచ్చి నెమ్మదిగా ఎలా నడవాలో పెద్దవాళ్ళకు నేర్పిస్తాడు.

నేర్పించాల్సిందేలెండి. ఈ జనమే కదా, నిన్నమొన్నటిదాకా చేతికి గడియారాలు కట్టుకుని పదివేల అడుగుల కోసం ఈ పార్కు చుట్టూ గానుగెద్దుల్లా తిరిగింది. రాత్రి పడుకోబోతూ లెక్క తగ్గిందని డైనింగ్ టేబుల్ చుట్టూ ప్రదక్షిణలు చేసినవాళ్ళు నాకు తెలుసు. ఆ పదివేలు ఏ డాక్టరో లెక్కగట్టి రాసిచ్చిన మోతాదు కాదు. 1965లో ఒక జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముకోవడానికి ఎంచుకున్న అంకె. ఇప్పుడు నిదానమూ అక్కడి సరుకే. 1982లో జపాన్ అటవీశాఖ జనాన్ని అడవులకు రప్పించడానికి ‘షిన్రిన్ యోకు’ మొదలుపెట్టింది. అంటే అడవి స్నానం. వాళ్ళ నేలలో మూడింట రెండొంతులు అడవే. స్నానం చేస్తారో ఈతే కొడతారో వాళ్ళిష్టం. కేబీఆర్ పార్కులో చేస్తామన్నా సరే అంటాను. 1998లో జాతీయ ఉద్యానమైంది, నెమళ్ళున్నాయి, బండరాళ్ళున్నాయి. మా కాలనీ పార్కు సంగతి వేరు. అడవి స్నానమని వచ్చినవాళ్ళకు ఇక్కడ ముఖం కడుక్కునేంత అడవి కూడా దొరకదు.

ఇక కౌగిలింత. కార్యక్రమంలో రెండో అంశం అదే. ఒక్కొక్కరు ఒక్కో చెట్టును ఎంచుకుని, కళ్ళు మూసుకుని, చెవి ఆనించి, చెట్టు చెప్పేది వినాలి. వినడానికి ముందు చూడాలన్న నియమం లేదు గనక, ఆ చెట్లకు వారం కిందటే మున్సిపాలిటీవాళ్ళు నడుం ఎత్తున సున్నమూ జాజూ పట్టీలు వేశారని ఎవరూ గమనించలేదు. చెట్టు ఏం చెప్పిందో తెలియదు గానీ, చొక్కాల మీద మాత్రం రాసి పంపింది. తెల్ల పట్టీ, ఎర్ర పట్టీ, మళ్ళీ తెల్ల పట్టీ. ప్రకృతితో అంతగా మమేకమైన జనాన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఒకాయన మామిడిచెట్టును ఎంచుకున్నాడు. అక్కడ మొక్కలకు నీళ్ళు పెట్టే ఆమె పైపు కింద పడేసి పరుగెత్తుకొచ్చింది. ‘సారూ, గా చెట్టు కాదు, ఎర్రచీమలున్నయి, కరుస్తయి’ అంది. గైడు పెదాల మీద వేలు పెట్టాడు. మౌన సమయమట. ఆమె వెనక్కి తగ్గింది. మౌనం ఎంతసేపు నిలుస్తుందో చీమలు నిర్ణయించాయి.

నిజానికి ఆ చెట్టు మీద ఉన్నది పార్కు మొత్తంలోకీ గొప్ప వింత. పచ్చి ఆకుల్ని అంచూ అంచూ కలిపి గూడు కుట్టే చీమలవి. పెద్ద చీమలు వరసగా నిలబడి, ఒకదాని నడుం ఒకటి పట్టుకుని, రెండు ఆకుల్ని దగ్గరకు లాగి పట్టుకుంటాయి. మరికొన్ని తమ పిల్లపురుగుల్ని నోట కరుచుకుని ఇటూ అటూ ఆడిస్తాయి. పట్టుదారం వచ్చేది ఆ పిల్లల నోటినుంచే. మగ్గం మీద నాడె ఆడినట్టే. రెండడుగుల దూరంలో నిలబడితే చాలు, కళ్ళు తెరిచి ఉంటే చాలు. టికెట్టు కొన్నవాళ్ళు సరిగ్గా అప్పుడే కళ్ళు మూసుకున్నారు. తర్వాత ఆ పెద్దమనిషి మెడ మీద క్రీము రాస్తూ గైడు అన్నమాట, ‘ఇదీ ఒక అనుభవమే సార్’.

చివర్లో కార్డులిచ్చారు. ఎన్ని ఆవిష్కరణలు చేశారో టిక్కు పెట్టాలి. పార్కు బోర్డుల్లో కానుగకు వేప అని రాసి మేకు కొట్టారు గనక, వేప ఆవిష్కర్తల సంఖ్య కొంచెం పెరిగింది. గోడ పొడవునా నాటిన కోనోకార్పస్‌ను గైడు ‘హరిత ఊపిరి’ అన్నాడు. గుజరాత్ ప్రభుత్వం దాన్ని 2023లో నిషేధించింది.

కార్డులో ‘గడ్డిపూలు’ అనే గడి ఒకటుంది. అది మాత్రం అందరిదీ ఖాళీగానే ఉండిపోయింది. ఎందుకంటే నింపాది నడకకు అతిథులు వస్తున్నారని ముందురోజు పార్కు కమిటీవాళ్ళు కాంట్రాక్టరు మనుషుల్ని పెట్టి గడ్డంతా నున్నగా చెక్కించేశారు. దెబ్బ తగిలితే మనం చిన్నప్పుడు ఆకు నలిపి పసరు పిండుకున్న గడ్డిచేమంతి పోయింది. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి పోయింది. పంచెకు అంటుకుని ఇంటిదాకా వచ్చే ఉత్తరేణి పోయింది. ఇదే కమిటీవాళ్ళు వినాయక చవితికి ఆ ఉత్తరేణినే పత్రిలో భాగంగా బజార్లో కొనుక్కొస్తారు. తుమ్మి మొక్కల్ని చెక్కి చెత్తబండి ఎక్కించినవాళ్ళే చవితి పొద్దున తుమ్మికూర కట్ట కోసం బేరమాడతారు. వయ్యారిభామ మాత్రం మిగిలింది. పంపుగది వెనక ఛాతీ ఎత్తున పెరిగి ఉంది, అటువైపు అతిథులు పోరు గదా.

చిన్న ఆవిష్కరణలు కావాలట! నేల మిగిల్చారా? నడకదారి పేవర్ బ్లాకులు, చెట్టు మొదలు చుట్టూ సిమెంటు గట్టు, మిగిలిన మూలలో ప్లాస్టిక్ గడ్డి పరిచి సెల్ఫీ పాయింటు. తొలకరి పడగానే ఆరుద్ర పురుగులు ఈ మట్టిలోంచే ఎర్రటి మఖమల్ బొట్లలా పైకొచ్చేవి. పిల్లలు అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్ళు. ఏడాదిలో ఎక్కువ భాగం అవి మట్టిలోపలే ఉంటాయి. మట్టి మీద సిమెంటు పోశాక ఎటునుంచి వస్తాయి, గేటు దగ్గర టికెట్టు తీసుకునా? రాలిన ఆకును రాలినచోట ఉండనివ్వరు. ఊడ్చి, మూల కుప్పపోసి, అగ్గి పెడతారు. ఆ పొగలో నిలబడి లాఫింగ్ క్లబ్బు వాళ్ళు గట్టిగా ఊపిరి పీల్చుకుంటారు.

అసలు ఈ ఊళ్ళో నిదానంగా నడవడం ఎవరికి చేతకాదు? అందరికీ వచ్చు. వ్యవధి లేదంతే. నీళ్ళు పెట్టే ఆమెకు ప్రతి చెట్టు పేరూ తెలుసు. ఏ కొమ్మ మీద ఏ పిట్ట గూడు పెట్టిందో తెలుసు. గైడు ఫోనులో ఫొటో తీసి వెతుక్కునే సంగతులన్నీ ఆమె నోటిమీద ఉన్నాయి. ఆమెకు జీతం కాంట్రాక్టరు ఇచ్చినప్పుడు వస్తుంది. బెంచీ మీద కూర్చుంటే కమిటీ సూపర్‌వైజరు కేకేస్తాడు. చీమలున్నాయని చెప్పబోయినామెను నోరు మూయించి, చెట్టు మాట వినమని డబ్బు పుచ్చుకోవడానికి సిగ్గుండాలి.

పది కొట్టగానే గేటుకు తాళం. మళ్ళీ సాయంత్రం నాలుగింటికి తీస్తారు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్ళో మనిషికి నీడ కావలసింది ఆ మధ్యలోనే. డెలివరీ కుర్రాళ్ళు ప్రహరీ బయట బైకుల మీద కూర్చుని హెల్మెట్‌లో టిఫిన్ డబ్బా పెట్టుకుని తింటారు. గోడకు ఇవతల కానుగ నీడలో బెంచీలన్నీ ఖాళీ. ఎందుకు మూస్తారయ్యా అని అడిగితే, ‘తెరిస్తే ఎవరెవరో వచ్చి పడుకుంటారండీ’ అన్నాడు కమిటీ పెద్దాయన. పడుకోనివ్వండి! పొద్దుటినుంచీ ఎండలో తిరిగినవాడు అరగంట చెట్టు కింద నడుం వాలిస్తే అరిగిపోయేది ఏమిటి? పార్కు మనింటి డ్రాయింగ్ రూము కాదు. పన్ను మనమొక్కరమే కట్టలేదు. వాడు కొన్న హెల్మెట్ మీదా, పోయించుకున్న పెట్రోలు మీదా వాడూ కట్టాడు.

ఇదంతా కొంచెం మర్యాదగా రాసి కమిటీకి ఉత్తరం ఇచ్చాను. మధ్యాహ్నం గేటు తెరవండి, గడ్డి చెక్కకండి, నీళ్ళు పెట్టే ఆమెను కూర్చోనివ్వండి అని. ఆలస్యం చేయకుండా జవాబిచ్చారు. మధ్యాహ్నం బ్యాచి గురించి మంచి సూచన చేసినందుకు కృతజ్ఞతలట. వేసవిలో ‘నీడ స్నానం’ పేరుతో పెట్టే ఆలోచన ఉందట, ముందుగా పేరు నమోదు చేసుకుంటే సీనియర్ సిటిజన్లకు పది శాతం తగ్గింపట.