ఏడో మాట

తెలుగు లెక్చరరుగా రిటైరైన మాస్టారిని కూతురు ఓ ఆదివారం భూదాన్ పోచంపల్లి తీసుకెళ్ళింది. ఎందుకని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

నేతగాడు పట్టుచీర పరిచాడు. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, మధ్యలో చిలకపచ్చ. కూతురు ఒకచోట వేలు పెట్టింది. ఎరుపు తన గీత దాటి పసుపులోకి కొద్దిగా పాకింది.

"ఇది తప్పు పడిందా?"

"తప్పు గాదమ్మా. చిటికి పని గట్లనే ఉంటది."

నేయకముందే దారాన్ని సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. విప్పి, ఇంకోచోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. ఎంత బిగించినా ముడి కిందికి రవ్వంత రంగు దూరుతుంది. మగ్గం మీద దారం వెంట్రుకవాసి జరుగుతుంది.

"గీత గీసినట్టుంటే మిషన్ల అచ్చేసిన బట్టమ్మా," అన్నాడతను.

మాస్టారికి హుషారొచ్చింది. "అందమంతా అక్కడే ఉందమ్మా. ఏ రంగు ఎక్కడ ఆగిందో ఎవడూ చెప్పలేడు. దీనికి అమరకోశంలో ఆరు మాటలున్నాయి."

వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టాడు. చిత్రం, శబలం, కర్బురం, కిర్మీరం, కల్మాషం. కల్మాషం దగ్గర కాస్త ఆగాడు. దీర్ఘం జారిపోతే కల్మషం అవుతుంది, మురికని అర్థం మారిపోతుంది, పలికేటప్పుడు జాగ్రత్త అన్నాడు. కుడిచెయ్యి అయిపోయింది. ఎడమచేతి బొటనవేలు ముడిచి, "ఏతం" అన్నాడు.

"మేమైతే రంగురంగుల చీర అంటం సార్."

మాస్టారు పెద్దమనసుతో నవ్వాడు. బేరమాడకుండా డబ్బిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో కూతురే కారు నడిపింది. పొట్లం మాస్టారి ఒళ్ళో ఉంది.

"ఆ చీర నా పెళ్ళికి, నాన్నా."

"అబ్బాయిని చూసుకున్నావా! ఎవరమ్మా?"

"మా ఆఫీసే. మూడేళ్ళుగా తెలుసు." పేరు చెప్పింది. పేరు ఆయనకు నచ్చింది. వ్యుత్పత్తి కూడా చెప్పాడు.

"ఇంటిపేరు?"

చెప్పింది.

మాస్టారు పొట్లం తీసి వెనక సీట్లో పెట్టాడు. చాలాదూరం మాట్లాడలేదు. హయత్‌నగర్ దాటాక ఎడమచేతి బొటనవేలు పక్కన చూపుడువేలు కూడా ముడిచాడు.

"వర్ణసంకరం," అన్నాడు.